డుంగా చేతకాని కోచా? ఒక్క సగం ఆటతో తేల్చేద్దామా?

పాత రేడియో:
మొన్న బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు కోచ్‌ల ప్రస్తావన వస్తే ఒకరు డుంగాను ‘దండగ కోచ్’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. అప్పటినుంచి ఆ మాట మింగుడు పడటం లేదు. 2006లో జట్టును చేతిలో పెట్టేనాటికి అతను ఏ క్లబ్బుకూ కోచ్‌గా పనిచేసి ఎరుగడు. అయినా మరుసటి ఏడాదే, కాకా, రొనాల్డినో లాంటి తారలు లేని జట్టుతో వెనెజువెలా వెళ్లి, మరకైబోలో దక్షిణ అమెరికా దేశాల టోర్నీ కోపా అమెరికా ఫైనల్ గెలిచాడు. అవతల రికెల్మె, మెస్సి, తెవెజ్ ఉన్న అర్జెంటీనా, స్కోరు 3-0. 2009లో, ఖండాల విజేతలు ఆడిన కాన్ఫెడరేషన్స్ కప్ ఫైనల్లో అమెరికా మీద విరామానికి 0-2తో వెనకబడిన జట్టు 3-2తో గెలిచింది. అదే సెప్టెంబరులో రొసారియోలో, మరడోనా కోచ్‌గా ఉన్న అర్జెంటీనాను వాళ్ల గడ్డమీదే 3-1తో ఓడించి ప్రపంచకప్‌లో చోటు ఖాయం చేసుకుంది. ఇన్ని చేసినవాణ్ణి, 2010 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 1-2తో ఓడిన పోర్ట్ ఎలిజబెత్ మ్యాచ్‌లోని రెండో సగం, ఆ నలభై అయిదు నిమిషాలతో తూచేస్తామా?

ఎడమ వింగర్:
తూచేస్తాం రేడియో గారూ. బ్రెజిల్ కోచ్‌ను తూచే తక్కెడ ప్రపంచకప్ ఒక్కటే. ఆ ఉద్యోగం ఒప్పుకున్నప్పుడే ఆ సంగతి అతనికి తెలుసు. ఆ ఏడాది సాంతోస్ క్లబ్బులో కుర్రాళ్లు నెయ్‌మార్, గాన్సో ఆడుతున్న ఆట చూసి దేశమంతా వాళ్లిద్దరినీ తీసుకెళ్లమని అడిగింది. నెయ్‌మార్‌కు పద్దెనిమిదేళ్లే, నిజమే. 1958లో పెలేకు పదిహేడు! డుంగా మాత్రం ‘నాతో మూడున్నరేళ్లు నడిచినవాళ్లే నావాళ్లు’ అన్న ధోరణిలో జట్టును కట్టాడు. విధేయత మంచిదే, కానీ వెనకబడ్డ మ్యాచ్‌లో విధేయత గోల్ కొట్టదు కదా.

కాఫీ తర్వాత:
జూలై 2న మనకు రాత్రి ఏడున్నరకు మొదలైన ఆ మ్యాచ్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పదో నిమిషంలో బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ ఫెలిపె మెలో మధ్యలోంచి నెదర్లాండ్స్ రక్షణను నిలువునా చీల్చుతూ ఒక పాస్ ఇచ్చాడు. రొబీన్యో ఆ బంతిని ఆపకుండానే వలలోకి కొట్టేశాడు. ఆ ప్రపంచకప్‌లో అంతకంటే అందమైన పాస్ నేను చూడలేదు. మొదటి సగమంతా బ్రెజిల్‌దే. 53వ నిమిషంలో నెదర్లాండ్స్ ఆటగాడు స్నైడర్ కుడివైపు నుంచి బంతిని పెనాల్టీ ప్రాంతంలోకి లేపాడు. పట్టడానికి గోల్‌కీపర్ జూలియో సెజార్ ముందుకొచ్చాడు, తలతో ఆడటానికి అదే మెలో ఎగిరాడు, ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి మెలో తలను రాసుకుంటూ ఖాళీ గోల్‌లోకి పోయింది. ముందు సెల్ఫ్ గోల్ అన్నారు, తర్వాత స్నైడర్ ఖాతాలో వేశారు. 68వ నిమిషంలో నెదర్లాండ్స్‌కు కార్నర్, కైట్ తల తాకించాడు, స్నైడర్ తలతో లోపలికి పంపాడు. 73వ నిమిషంలో మెలో నెదర్లాండ్స్ వింగర్ రాబెన్ తొడమీద తొక్కి రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు. వరాలిచ్చిన చేతే శాపం పెట్టినట్టు. దీంట్లో కోచ్ పాపం ఎంత?

ఎడమ వింగర్:
మెలోను జట్టులోకి తెచ్చింది ఎవరు? అతని కోపం గురించి అందరూ ముందే హెచ్చరించారు. ఇంకో సంగతి. ఆ రోజుల్లో మ్యాచ్ మధ్యలో ముగ్గురు ఆటగాళ్లను మార్చే అవకాశం ఉండేది. డుంగా చేసినవి రెండే: బాస్తోస్ బదులు జిల్బెర్తో, లూయిస్ ఫాబియానో బదులు నిల్మార్. ప్రపంచకప్ చేజారిపోతుంటే మూడో మార్పును జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు? బెంచీమీద ఆట తిప్పేవాడు లేడు కాబట్టి. బెంచీని ఎంచుకున్నదీ అతనే.

పాత రేడియో:
మిడ్‌ఫీల్డర్లు ఎలానో గాయంతో, రమిరెస్ సస్పెన్షన్‌తో దూరమయ్యారన్న మాట కూడా చెప్పండి వింగర్ గారూ. అసలు డుంగా మీద కోపం 2010తో మొదలవలేదు. అతను ఆటగాడిగా ఉన్న 1990 ప్రపంచకప్‌లో అర్జెంటీనా చేతిలో ఓడినప్పుడు, నాజూకుతనం లేని ఆ బ్రెజిల్‌కు పత్రికలవాళ్లు ‘డుంగా శకం’ అని పేరు పెట్టారు. మైదానంలో పదకొండు మంది ఆడితే నింద ఒక్క మిడ్‌ఫీల్డర్‌ది! నాలుగేళ్లకు పసడినాలో ప్రపంచకప్ ఫైనల్లో, ఇటలీతో పెనాల్టీ షూటౌట్‌లో తన వంతు గోల్ కొట్టి, కెప్టెన్‌గా కప్పు ఎత్తింది కూడా అతనే. అయినా పేరు మారలేదు. ఇంతకీ డుంగా అంటే పోర్చుగీసులో హిమబాల (స్నో వైట్) కథలోని ఏడుగురు మరుగుజ్జుల్లో అమాయకుడి పేరు; చిన్నప్పుడు పొట్టిగా ఉన్నాడని మేనమామ పెట్టిన ముద్దుపేరట. ఆ అమాయకత్వం మాత్రం అతని ముఖంలో ఎక్కడా కనిపించదు.

మధ్యవరుస:
మీ ఇద్దరూ 2010 దగ్గరే పట్టుబట్టి కూర్చున్నారు. నా దృష్టిలో అసలు కేసు రెండోసారి. 2014లో జర్మనీ చేతిలో 7-1 తర్వాత మళ్లీ అతన్నే పిలిచారు. ఒకప్పుడు వద్దన్న నెయ్‌మార్‌కే కెప్టెన్సీ ఇచ్చాడు, స్నేహపూర్వక మ్యాచ్‌లు వరసగా గెలిచాడు. తర్వాత? 2015 కోపా అమెరికా క్వార్టర్ ఫైనల్లో పరాగ్వే చేతిలో షూటౌట్‌లో ఓటమి. 2016లో అమెరికాలో జరిగిన శతాబ్ది కోపాలో హైతీ మీద 7-1, ఆపైన పెరూ చేతిలో 0-1, గ్రూపు దశలోనే ఇంటికి.

కాఫీ తర్వాత:
పెరూ ఆటగాడు రుయిదియాస్ ఆ గోల్ చేత్తో కొట్టాడండీ! ప్రపంచమంతా చూసింది.

మధ్యవరుస:
చూసింది. కానీ అంతకుముందు ఈక్వెడార్ మీద 0-0కు చెయ్యి కారణం కాదు. డుంగాను తీసేసేనాటికి 2018 అర్హత పోటీల్లో బ్రెజిల్ ఆరో స్థానంలో ఉంది. అంటే నేరుగా అర్హత దక్కే నాలుగు స్థానాల బయట. తర్వాత వచ్చిన కోచ్ తితే దాదాపు ఆ ఆటగాళ్లతోనే అర్హత మ్యాచ్‌లు వరసగా ఎనిమిది గెలిచాడు. ఆతిథ్య రష్యాను పక్కన పెడితే 2018 ప్రపంచకప్‌కు అందరికంటే ముందు అర్హత సాధించింది ఆ బ్రెజిలే. దురదృష్టం మీదకు నెట్టే వాదన ఇక్కడ చెల్లదు, రేడియో గారూ.

పాత రేడియో:
రెండోసారి సంగతి ఒప్పుకుంటున్నాను. అప్పటికి ఆట వేగం మారిపోయింది, అతను మారలేదు. 2006-10 డుంగాను మాత్రం వదులుకోను. గెలవడానికి వచ్చి, నాలుగేళ్లలో రెండు కప్పులు గెలిచి, మూడోదాంట్లో ఒక సగం ఓడాడు. దాన్ని చేతకానితనం అంటే ఒప్పుకోను.

ఎడమ వింగర్:
సరే. మూడో మార్పు?

పాత రేడియో:
ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రెండో సగం రాత్రికి మళ్లీ పెట్టుకుని చూస్తాను. ఫార్వర్డ్ గ్రాఫితె బెంచీమీదే ఉన్నాడు కదా, అతన్నైనా దింపి ఉండాల్సింది.