‘సంకరజాతి’ అన్న మాటను స్పాక్‌కు వాడవచ్చునా?

స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ ధారావాహికలో మనిషి తల్లికీ, వల్కన్ గ్రహవాసి అయిన తండ్రికీ పుట్టిన స్పాక్ అనే పాత్రను తెలుగు అనువాదంలో ‘సంకరజాతివాడు’ అనవచ్చునా అని హనుమకొండ ఉపాధ్యాయిని ఒకరు ఈ చర్చలో అడిగారు. నిఘంటువు ప్రకారం తప్పు లేదని ఇద్దరు సభ్యులు బదులిచ్చారు. ఆ మాట కథకుడి నోట రాకూడదనీ, తిట్టేవాడి నోట మాత్రం తప్పక రావాలనీ నా అభిప్రాయం.

సంకరం అంటే కలయిక అన్నంతవరకు నిజమే. పశుపోషణ పాఠంలో సంకరజాతి ఆవు అనడం మెప్పే. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు హైబ్రిడ్ అనేదాన్నే పాఠ్యపుస్తకం సంకర విత్తనం అంటుంది. మనిషి దగ్గరికి వచ్చేసరికి అదే మాట కన్నతల్లి మీద వేసే నింద అవుతుంది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు స్త్రీలు చెడిపోతే వర్ణసంకరం కలుగుతుందని చెప్పి, ఆ వెంటనే ‘సంకరో నరకాయైవ’ అంటాడు. వీధి కొట్లాటల్లో మనం వినే తిట్టులోనూ ఉన్నది ఆ భావమే.

1966లో మొదలైన స్టార్ ట్రెక్ ధారావాహికలోనూ ఆ తిట్టు ఉన్నది. 1967 మార్చిలో ప్రసారమైన ఒక భాగంలో, ఏవో మొక్కలు చిమ్మిన రేణువుల మత్తులో స్పాక్ కర్తవ్యం మరచి ఉంటాడు. బలమైన కోపం వస్తేనే ఆ మత్తు వదులుతుందని గ్రహించిన కెప్టెన్ కిర్క్, స్నేహితుణ్ణి కావాలనే రెచ్చగొడుతూ, మొదట అతని పుట్టుకనే తిట్టుగా విసిరి, తరువాత నీ తండ్రి కంప్యూటర్, నీ తల్లి విజ్ఞానసర్వస్వం అని ఎత్తిపొడుస్తాడు. స్పాక్ మీదపడి కొడతాడు. ఆ సన్నివేశాన్ని తెలుగు చేసేటప్పుడు ‘సంకరజాతి’ని మెత్తబరచి ‘మిశ్రమ వారసత్వం’ అని రాస్తే, స్పాక్ ఎందుకు చెయ్యెత్తాడో పాఠకుడికి అర్థం కాదు. అదే ఏడాది జూన్ 12న లవింగ్ దంపతుల కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేనాటికి, తెల్లవారు ఇతరులను పెళ్ళాడడం 16 రాష్ట్రాల్లో ఇంకా నేరంగానే ఉన్నదన్న సంగతిని కూడా అనువాదకులు మనసులో పెట్టుకోవాలి.

‘మిశ్రమ జాతి’ అందామని ఒకరు సూచించారు. అందులో చిక్కు ‘జాతి’ దగ్గర ఉన్నది. మనకు పక్షులదీ జాతే, తెలుగువారిదీ జాతే, కులమూ జాతే. స్పాక్ విషయంలో కలిసినవి రెండు వేర్వేరు జీవరాశులు. 2011లో మార్వెల్ కామిక్స్‌లో అడుగుపెట్టిన మైల్స్ మోరాలెస్ అనే స్పైడర్‌మ్యాన్ తండ్రి ఆఫ్రికన్ అమెరికన్, తల్లి ప్యూర్టోరికో మూలాలున్న స్త్రీ. అతనిలో జీవరాశులు కలవలేదు, అందరూ మనుషులే. నల్లవారికీ తెల్లవారికీ మధ్య గ్రహాలంత దూరం ఉన్నట్టు చూపించడం వైజ్ఞానిక కథల్లో పాత బలహీనత. ఇద్దరికీ ‘మిశ్రమ జాతి’ అనే రాస్తే ఆ బలహీనతను మనం తెలుగులో మరింత పెంచినవాళ్ళమవుతాం.

‘సగం మనిషి’ అన్న మాట నాకు అంతకన్నా నచ్చదు. వల్కన్‌ల నడుమ స్పాక్ సగం మనిషి, మనుషుల నడుమ సగం వల్కన్. ఎవరికి వారు తమది కాని సగాన్నే వేలెత్తి చూపుతారు. ఆక్టేవియా బట్లర్ 1987 నుంచి 1989 వరకు వెలువరించిన మూడు నవలల్లో, మనుషులకూ ఓవన్‌కాలి అనే పరగ్రహవాసులకూ కలిగే బిడ్డలకు కన్నవారు ఐదుగురు. అక్కడ ‘సగం’ లెక్కకే అందదు.

మన భాషలో ఇంతకన్నా మంచి పద్ధతి ముందునుంచీ ఉన్నది. రాక్షస స్త్రీ హిడింబకూ భీముడికీ పుట్టిన ఘటోత్కచుణ్ణి వ్యాసభారతం తల్లి పేరున హైడింబి అనీ, తండ్రి పేరున భైమసేని అనీ పిలుస్తుంది. సగాలు లేవు, రెండూ నిండు పేర్లే. అంతమాత్రాన భారతం అతన్ని సమంగా చూసిందని నేననను. ద్రోణపర్వంలో అతడు కూలినప్పుడు పాండవులు దుఃఖిస్తుంటే, అర్జునుడి కోసం దాచిన శక్తి అనే ఆయుధం కర్ణుడి చేయి దాటిపోయిందని కృష్ణుడు సంతోషిస్తాడు. మైల్స్ కూడా తల్లి ఇంటిపేరునే మోస్తున్నాడు కనుక, అనువాదంలో ‘మోరాలెస్’ను ఎక్కడా వదిలిపెట్టకూడదు.

ఇక మన కాళోజీ. తండ్రి మరాఠీ, తల్లి కన్నడిగ, పుట్టినది నేటి కర్ణాటకలోని రట్టిహళ్ళిలో. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అక్కడ కలిసినవి భాషలే కాని జాతులు కావని తెలిసే చెబుతున్నాను. నేను చూపదలచినది వాక్యం తీరును. ‘వాళ్ళమ్మ కన్నడ, నాయన మరాఠీ’ అంటాం కాని, ఆయన్ను సగం తెలుగువాడని ఓరుగల్లులో ఎవరూ అనరు. స్పాక్‌ను పరిచయం చేసేచోట ‘తల్లి మనిషి, తండ్రి వల్కన్’ అని రాస్తే సరిపోతుంది.

కామిక్స్‌లో మాటల బుడగకు అంత చోటు ఉండదని ఒక చిత్రకారుడు అభ్యంతరం చెప్పారు. అది నిజమైన ఇబ్బందే. అయితే పుట్టుక వివరం ప్రతి బుడగలోనూ అవసరం లేదు, మొదటిసారి కథకుడి పెట్టెలో చెప్పి, తరువాత పేరుతోనే పిలవవచ్చు. తిట్టు ఉన్న బుడగలో ‘సంకరజాతి’ ఎలాగూ ఇముడుతుంది. చదివేది ఎనిమిదో తరగతి పిల్లలని దాన్ని తీసివేయవద్దని ఆ ఉపాధ్యాయినికి నా విన్నపం. ఆ తిట్టు వాళ్ళకు తెలియనిది కాదు. అది పడినవాడికి ఎలా ఉంటుందో ఆ పుట వాళ్ళకు చూపిస్తుంది.