అప్‌డేట్: కలంకారీ ముక్కల సంచి, పిడి దగ్గర విరిగే సూది

శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలు అతికి కుట్టే సంచికి పిడి దగ్గర కుట్లు దాటిపోతున్నాయి, సూది విరుగుతోంది, ఏం చేయాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, సమస్య తీరింది.

కారణం మందమే. పిడి మడతలు, పైగుడ్డ, బక్రం (సంచి బిగువుగా నిలవడానికి మధ్యలో వేసే గట్టి గుడ్డ), లైనింగ్ అన్నీ ఒకేచోట పడతాయి. 14 నంబరు సూది అక్కడ వంగితే మిషన్ అడుగున దారం పట్టే హుక్కుకు దారం అందక కుట్టు దాటిపోతుంది, సూది కింది ప్లేటుకు తగిలితే విరుగుతుంది. ఇప్పుడు 18 నంబరు సూది, పాలిస్టర్ దారం, కుట్టు పొడవు 3.5 మి.మీ.

అన్నిటికన్నా బాగా పనిచేసింది, బక్రాన్ని కుట్టు గీత లోపలికే కత్తిరించేయడం. మందం ఎక్కేచోట గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం వెనక్కి వాలుతుంది కదా, దాని వెనుక భాగం కింద మడిచిన అట్టముక్క పెట్టి సమం చేసి, మిషన్ పక్క చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. మోటారు మీద వద్దు. పిడి చివర 1.5 అంగుళాల చదరం, లోపల ఇంటూ గుర్తు కుడితే కూరగాయల బరువుకి ఊడిరాదు.

ముక్కల్ని ముందే చన్నీళ్లలో విడిగా ఉతికి నీడన ఆరేయండి. లేదంటే రంగు పక్కముక్కకి అంటుతుంది, నూలు కుంచించుకుని అతుకు ముడతలు పడుతుంది.