అప్‌డేట్: పాప ఫొటోతో పెట్టిన దొంగ ఇన్‌స్టా అకౌంట్ పోయింది

తొమ్మిదో తరగతి చదివే మా పాప పేరు, ఫొటోతో ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ అకౌంట్ తెరిచారని పోయిన నెల కావలి నుంచి అడిగాను కదా. అది పోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పాప తరఫున నేనే ఇన్‌స్టాలో రిపోర్ట్ కొట్టాను, నాలుగో రోజుకి తీసేశారు. దానికంటే ముందు స్క్రీన్‌షాట్లు, ప్రొఫైల్ లింకు దాచుకోమన్నాయన పుణ్యం ఊరికే పోదు. పోలీస్ స్టేషన్‌లో మొదట అడిగింది అవే.

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను గానీ, అది ముఖ్యంగా ఆన్‌లైన్‌లో డబ్బు పోయినవాళ్లకి. ఇలాంటివాటికి ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో (cybercrime.gov.in) మహిళలు, పిల్లల విభాగం వేరే ఉంది. ఫోన్ రీసెట్ చేయించడం దండగ, ఎవరూ హ్యాక్ చేయలేదు.

చేసింది పక్క సెక్షన్ పిల్లలే. ఆ ఫొటో మాత్రం సంక్రాంతికి పట్టు లంగాలో ఉందని నేనే ఫేస్‌బుక్‌లో పబ్లిక్‌గా పెట్టింది. తిట్లు పాపకి పడ్డాయి, రెండు రోజులు.