ముందు శ్వాస నేర్పాలా, ముందు బాధ వినాలా?

నీలిమేఘం: కౌన్సెలింగ్ నా వృత్తి. క్లయింటు తన గాయం గురించి మాట్లాడే ముందు కొన్ని వారాలు శ్వాస సాధనే చేయిస్తాను. నిమిషానికి దాదాపు ఆరు శ్వాసలు, వదలడం ఎక్కువసేపు. వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. మనసు కుతకుతలాడుతున్నప్పుడు ఏం చెప్పినా తలకెక్కదు. కాదనేవారు ఉన్నారా?

ఇసుకగడియారం: ఉన్నాను. వేగస్ పేరెత్తితే శాస్త్రమైపోతుందా? మన భయాన్నీ భద్రతా భావాన్నీ వేగస్ నాడితో ముడిపెడుతూ మనస్తత్వవేత్త స్టీఫెన్ పోర్జెస్ 1994లో ప్రతిపాదించిన పాలీవేగల్ సిద్ధాంతాన్ని శరీరధర్మ శాస్త్రవేత్తలు కొందరు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

నీలిమేఘం: ఆ మాటే నేను రాయలేదు. శ్వాసతో గుండె వేగం మారడం నాడి పట్టుకుని చూసుకున్నా తెలుస్తుంది. సిద్ధాంతం నిలిచినా కూలినా ఇది మారదు.

ఇసుకగడియారం: ఆరే ఎందుకు? ఏడైతే?

నీలిమేఘం: మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. ఆ అంకెను పట్టుకుని వేలాడకండి.

దారినపోయేవాడు: ముఖం మీద చల్లటి నీళ్లు చల్లుకుంటే నాకు చాలు.

కొత్తచిగురు: కళ్లు మూసుకుని శ్వాస గమనిస్తే నాకు దడ పెరుగుతోంది. లోపం నాదేనా?

నీలిమేఘం: కాదండీ. కొందరికి సడలింపే ఆందోళన తెస్తుంది. కళ్లు తెరిచే ఉంచండి, పాదాల కింది నేల మీద ధ్యాస పెట్టండి.

ఇసుకగడియారం: ఆవిడకు వెంటనే జవాబిచ్చారు. నాకూ ఇవ్వండి. ఏడాది పాటు ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్లాను. నాన్న పోయిన సంగతి ఎత్తి నా గొంతు పూడుకుపోగానే "ఒక్కసారి శ్వాస తీసుకుందాం" అనేవారు. బుద్ధిగా తీసుకునేదాన్ని. గంట అయిపోయేది. డబ్బిచ్చి మరీ ఏడాదంతా ఏడవకుండా వచ్చాను.

నీలిమేఘం: ఒకరి పొరపాటుకు పద్ధతిని తిడితే ఎలా? ఉద్వేగ నియంత్రణ అంటే అణచుకోవడం కాదు. మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ ప్రయోగాల్లో ఉద్వేగాన్ని ముఖంలో కనబడకుండా దాచుకున్నవారి శరీరం లోపల మరింత ఉద్రేకపడింది.

ఇసుకగడియారం: నాకు జరిగింది అదే కదా! నెమ్మది కావలసింది నాకా, ఆ థెరపిస్టుకా? మీ ఎదుట మనిషి భోరుమంటే మీరేం చేస్తారు? ప్రయోగాల సంగతి వద్దు.

నీలిమేఘం: మొదట్లో నేనూ శ్వాస వైపు తిప్పేవాణ్ణి. భయమేసి. ఇప్పుడు గమనిస్తాను. ఏడుస్తూనే నా మాట వినగలిగితే ఏడవనిస్తాను. చూపు ఎటో పోయి, పిలిచినా పలకకపోతేనే ఆపుతాను.

ఇసుకగడియారం: ఇది మొదటే రాయవలసింది. అయినా ఆ "కొన్ని వారాలు" ఒప్పుకోను. నాకు మొదటి రోజే ఏడుపొచ్చింది.