అప్‌డేట్: క్యారమెల్ కస్టర్డ్ ఈసారి కుదిరింది!

నా కస్టర్డ్ నిండా చిల్లులు పడి నీళ్లు వదిలేస్తోంది, పాకం చేదెక్కుతోంది, ఎందుకని పోయిన వారం అడిగాను కదండీ, నిన్న విజయవాడలో మా ఇంట్లో మళ్లీ చేశాను. మీరన్నట్టు తప్పంతా మంటదే. గుడ్లూ పాలూ 80 డిగ్రీల దగ్గరే గట్టిపడతాయి, నేనేమో కింద నీళ్లు తెర్లేలా మరిగించేశాను. ఈసారి అర లీటరు గోరువెచ్చని పాలలో 4 గుడ్లు, 100 గ్రాముల పంచదార నురగ రాకుండా కలిపి, వడకట్టి, గిన్నెకి మూత పెట్టి, కుక్కర్లో విజిల్ లేకుండా సన్నని సెగ మీద ఉంచి, మధ్యలో కొంచెం వణుకుతుండగానే దించేశాను. పాకం తేనె రంగుకి రాగానే స్టవ్ కట్టేశాను, గిన్నె వేడికే అది ఇంకా ముదురుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున బోర్లిస్తే చెక్కుచెదరకుండా దిగింది. అమ్మ అడిగి మరీ రెండో ముక్క వేయించుకుంది. చాలా థాంక్స్ అండీ!