థెర్మోల్యూమినెసెన్స్‌ని ‘ఉష్ణకాంతి’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. హిమాలయాల మీద హైస్కూలు పిల్లల కోసం తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నా. ఎవరెస్ట్ కొసన ఉన్నది 45 కోట్ల ఏళ్ళ పైబడిన సముద్రపు సున్నపురాయి, అదంతా బాగానే వచ్చింది. సున్నపురాయిలోని వెలుగుని బట్టి కొండల వయసు చెప్పడం దగ్గర మాట దొరకట్లేదు. రాయిని వేడి చేస్తే వచ్చే మెరుపుకి, అంటే థెర్మోల్యూమినెసెన్స్‌కి ఉష్ణకాంతి సరిపోతుందా?

↳ సరిపోదండీ. ఉష్ణకాంతి అంటే కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమే గుర్తొస్తుంది, అక్కడ వేడే వెలుగవుతుంది, ఎన్నిసార్లు కాలిస్తే అన్నిసార్లూ. ఇక్కడ సంగతి వేరు. రాళ్ళలో కొద్దికొద్దిగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియంల రేడియేషన్ తగిలి, సున్నపురాయిలోని ఖనిజమైన కాల్సైట్ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చెదిరి అందులోని లోపాల్లో ఇరుక్కుపోతాయి, వేల ఏళ్ళు అలాగే ఉంటాయి, రాయి ఎర్రబడక ముందే, మూడు నాలుగొందల డిగ్రీల లోపే అవి బయటపడి మెరుస్తాయి, అదీ ఒక్కసారే, చల్లార్చి వెంటనే మళ్ళీ వేడి చేస్తే ఆ మెరుపు రాదు. 1663లో రాబర్ట్ బాయిల్ ఒక వజ్రాన్ని చీకట్లో ఒంటికి ఆనించి వెచ్చబెడితే మిణుకుమందని రాశాడు, ఒంటి వేడికి ఏ రాయీ కాలదు కదా! వేడి చేసేది విడిపించడమే. నా ఓటు ‘తాపసందీప్తి’కి. పిల్లలకైతే ‘నిలవ వెలుగు’ ఇంకా బాగుంటుంది.

↳ నిలవ వెలుగు నాకూ నచ్చింది సార్. నిలవ అంటే పాచిపోయింది అనుకుంటారని భయం వద్దు, నిలవ పచ్చడి అని ఇష్టంగానే అంటాం. కానీ నేను జియాలజీ చదివినదాన్ని, విషయం మీద ఒక మాట చెప్పాలి. ఆ లోపాలు కొన్ని లక్షల ఏళ్ళకే నిండిపోతాయి, ఆపైన ఎంత కాలం గడిచినా వెలుగు పెరగదు, వయసు లెక్క ముందుకి సాగదు. ఇండియా ఆసియాని గుద్దుకుని 5 కోట్ల ఏళ్ళు, అంత పాత సంగతి నిలవ వెలుగు చెప్పలేదు. అక్కడ వాడేది క్యాథోడోల్యూమినెసెన్స్. కొండ ముడతపడ్డప్పుడు సున్నపురాయి పగుళ్ళలో కొత్త కాల్సైట్ చేరుతుంది, దాని మీద ఎలక్ట్రాన్లు వదిలితే మాంగనీస్ ఉన్నచోట ఆరెంజ్‌గా మెరుస్తుంది, ఇనుము ఎక్కువైతే మసకబారుతుంది, అలా ఏ పొర ముందు ఏది తర్వాత అని విడదీసి, కావలసిన పొరలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలుస్తారు. వయసు చెప్పేది సీసం, ఎక్కడ కొలవాలో చూపించేది వెలుగు. అందుకని ‘సందీప్తి’ రెండిటికీ ఉంచి ముందుమాట మార్చండి: తాపసందీప్తి, ఎలక్ట్రాన్ సందీప్తి.

↳ చాలా థాంక్స్ అమ్మా. రెండూ విడివిడి పేరాలు చేస్తాను, కొండలు పుట్టిన కాలం చెప్పే చోట ఎలక్ట్రాన్ సందీప్తే పెడతాను.