ఉప్పు బోరు నీళ్లున్న ఇంట్లో కారు కడగడానికి ప్రెషర్ వాషర్ కావాలా, రెండు బకెట్లు చాలా?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ముదురు నీలం రంగు కారు, కొని ఏడాది దాటింది. రోజూ ముత్తుకూరు రోడ్డు మీద డ్యూటీకి పోయి రావాలి. బొగ్గు లారీలు, బూడిద లారీలు, రొయ్యల బండ్ల నుంచి కారే ఉప్పు నీళ్లు, అన్నీ కారు మీదకే. ఇంట్లో బోరు నీళ్లు. కొళాయిల మూతులకు తెల్లగా గార కట్టే రకం. ఊళ్లో ఒక వాటర్ వాష్ సెంటర్‌లో ఇస్తే టైర్లు తుడిచిన గుడ్డతోనే బాడీ, అద్దాలు తుడిచేశారు. ఇప్పుడు ఎండలో పక్క నుంచి చూస్తే బానెట్ నిండా గుండ్రంగా సన్న గీతలు. ఇక నుంచి ఇంట్లోనే కడుక్కుందామని ఎనిమిది వేలు పక్కన పెట్టాను. ఆ డబ్బంతా పోసి ప్రెషర్ వాషర్ కొనాలా, లేక బకెట్లు, మంచి షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డలు చాలా? మా నాన్నయితే "మగ్గు, సర్ఫు ఉన్నాయి గదరా" అంటున్నారు.

హైవేబండి (ఒంగోలు)

తమ్ముడూ, మెషిన్ వద్దు. నాది ట్యాక్సీ, హైవే మీదే బతుకు. ఎక్కే ప్యాసింజరు ముందు చూసేది బండి శుభ్రమే, కాబట్టి నేను కడగని రోజు ఉండదు. రెండు బకెట్లు పెట్టుకో. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. రుద్దడానికి చేతికి వేసుకునే మెత్తటి తొడుగే మిట్. ఒక డోర్ రుద్దగానే మిట్‌ను ఉత్త నీళ్లలో జాడించి, పిండి, అప్పుడు మళ్లీ షాంపూలో ముంచు. పైకప్పు నుంచి కిందికి రావాలి. డోర్ల కింది భాగం, బంపర్లు చివర్న. టైర్లకు వేరే బ్రష్, వేరే గుడ్డ. ఇంతే. పైపు మూతి దగ్గర వేలు నొక్కి కొట్టినా మట్టి దిగుతుంది. మెషిన్‌తో దగ్గర నుంచి కొట్టి బంపర్ మీద పెయింట్ లేపేసుకున్న వాళ్లను చూశాను. దానికి కరెంటు, ఎర్తింగ్, ట్యాప్ కనెక్షన్, ఇన్ని తిప్పలు ఎందుకు?

గెలాక్సీరాయి (చీమకుర్తి)

ట్యాక్సీ అన్న చెప్పిన పద్ధతికి వంక పెట్టను. అయితే అది మామూలు దుమ్ముకు. పెన్నాగట్టు గారి కారు మీద పడేది బూడిద, బొగ్గు పొడి. మా ఊళ్లో గ్రానైట్ పొడి. రెంటికీ ఒకటే సూత్రం, చెయ్యి పడకముందే అది దిగిపోవాలి.

నేను పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాను. రాయికి మెరుపు తెచ్చేది ఇంకో గట్టి పొడితో రుద్దడమే. ముందు ముతక నంబరు పొడి, తర్వాత సన్నవి. ముతక రవ్వ ఒక్కటి సన్న నంబరు దగ్గర చేరినా పలక మీద గీత పడుతుంది, మళ్లీ మొదటికొస్తాం. మా ఊరి నల్ల గ్రానైట్, బ్లాక్ గెలాక్సీకే గీత పడుతుంటే కారు పైపొర ఏ మూల! మిట్ ఎంత మెత్తనిదైనా రుద్దేది మిట్ కాదు, మిట్‌కూ పెయింట్‌కూ మధ్య ఇరుక్కున్న రవ్వ.

ఇంకో సంగతి. గ్యాంగ్‌సా మీద (రాయిని పలకలుగా కోసే పెద్ద రంపం) రాయి కోసేటప్పుడు ఇనుప రవ్వ వాడతారు. ఆ స్లర్రీ, అంటే కోతలో వచ్చే బురద నీళ్లు, పడ్డ తెల్ల కార్లకు కొన్నాళ్లకు నారింజ రంగు చుక్కలు వస్తాయి. అవి తుప్పు. షాంపూకు లొంగవు, ఐరన్ రిమూవర్ కొట్టాల్సిందే. కాబట్టి నా మాట మెషినే. నలభై డిగ్రీల నాజిల్, అడుగు దూరం తగ్గకుండా, ఏటవాలుగా కొడితే పెయింట్‌కు ఏమీ కాదు. గిరగిరా తిరిగే టర్బో నాజిల్ మాత్రం బాడీ వైపు తిప్పొద్దు, అది సిమెంటు గచ్చుకు.

హైవేబండి (ఒంగోలు)

రాయి సంగతి మీరు చెప్పింది నిజమే. కానీ మెషిన్‌తో కొట్టాక కూడా ఒక పల్చటి పొర మిగులుతుంది కదా. వేలితో గీస్తే తెలుస్తుంది. ఆ పొరకు చెయ్యి పడక తప్పదు. చివరికి గీత పడుతుందా లేదా తేల్చేది గుడ్డ, ఆ గుడ్డ పట్టుకున్న చెయ్యి. అలాంటప్పుడు ముందు డబ్బు పెట్టాల్సింది దేని మీద?

బానెట్‌కింద (నెల్లూరు, డీటెయిలింగ్ పని)

ఇదే నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మీ కారు మీద రంగు పైన క్లియర్ కోట్ అని ఒక పొర ఉంటుంది. మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే జిరాక్స్ కాగితం మందంలో సగం. గీతలు పడేది అందులోనే. షాపులో కాంపౌండ్ అనే అరగదీసే పేస్టు పెట్టి పాలిష్ మెషిన్‌తో గీతలు తీశామంటే, ఆ పొరనే కొన్ని మైక్రాన్లు అరగదీశామన్న మాట. జీవితకాలంలో కొద్దిసార్లే ఆ అవకాశం. అందుకే గీతలు తీయించుకోవడం కంటే పడకుండా చూసుకోవడం చవక.

మీ నాన్నగారితో ఒక్క మాట చెప్పండి. సర్ఫు క్షార గుణం ఉన్న పొడి, బట్టల జిడ్డు వదిలించడానికి చేసింది. కారు మీద వ్యాక్స్ ఉంటే దాన్నీ పల్చబరుస్తుంది, సరిగా కరగని పలుకులు రుద్దుకుంటాయి. పీహెచ్ న్యూట్రల్ అని రాసి ఉన్న కారు షాంపూ ఏ కంపెనీదైనా పర్వాలేదు. సీసా మీద చెప్పిన కొలతే వేయండి. నురుగు ఎక్కువ వస్తే బాగా శుభ్రమవుతుందనేది భ్రమ. షాంపూ చేసే అసలు మేలు జారుడు. మిట్ జారితే రవ్వ పెయింట్‌ను గీకకుండా కదిలిపోతుంది.

డీజిల్ గుడ్డతో తుడిచే అలవాటు మన వైపు ఇంకా ఉంది. మెరిసినట్టే ఉంటుంది, ఆ జిడ్డు మీద మళ్లీ దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు బీడింగులు పాడవుతాయి. దయచేసి మానండి.

కావలిటీచరు (కావలి)

ఇందాకటి నుంచి మెషినా బకెట్టా అనే అడుగుతున్నారు. ఆయన మొదటి వాక్యాల్లోనే కొళాయికి గార కడుతుందని రాశారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదే!

నేను కెమిస్ట్రీ చెబుతాను. టీడీఎస్ అంటే లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో. టీడీఎస్ 1500 ఉన్న నీళ్లంటే లీటరు నీరు ఆరిపోతే గ్రామున్నర లవణం మిగులుతుందని అర్థం. అది ప్రెషర్ వాషర్ నుంచి వచ్చినా, మగ్గులోంచి వచ్చినా ఒకటే. తాగే నీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం టీడీఎస్ 500, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ఆ లెక్క మన గొంతుకు. ముదురు నీలం బానెట్ మీద ఎండలో ఆరిన చుక్కకు 500 కూడా ఎక్కువే, తెల్లటి వలయం వస్తుంది. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే గట్టిగా పట్టుకుంటుంది. టీడీఎస్ మీటరు కొన్ని వందల్లో వస్తుంది, ముందు అది కొని బోరు నీళ్లు, మున్సిపల్ కొళాయి నీళ్లు రెండూ చూడండి.

మేం చివరి కడుగుకు ఏసీ నీళ్లు వాడతాం. గాలిలోని తేమే నీరవుతుంది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. మన కోస్తా ఉక్కపోతలో రాత్రంతా ఏసీ నడిస్తే బకెట్ దాకా వస్తుంది. పాత నూలు చీర మడత పెట్టి వడకట్టండి, ఏసీ రెక్కల మీది దుమ్ము ఆగిపోతుంది. బోరు నీళ్లతో కడిగాక అవి ఆరకముందే మగ్గుతో పైనుంచి మెల్లగా పారించి వెంటనే తుడిచేయండి.

రొయ్యలచెరువు (కోట)

మేడమ్, మా ఇంట్లో ఆర్‌ఓ మెషిన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు డ్రమ్ముకు పట్టి కారుకే వాడుతున్నాం. వృథా కావడం ఇష్టం లేక. అవి కూడా పనికొస్తాయా?

కావలిటీచరు (కావలి)

చివరి కడుగుకు అసలు వద్దండీ. ఆర్‌ఓ వడకట్టి బయటకు తోసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. మీ బోరు నీళ్ల కంటే ఉప్పగా ఉంటాయి. గచ్చు కడగడానికి, టాయిలెట్‌కు వాడుకోండి.

ట్యాంకరునీళ్లు (కనిగిరి)

మా వైపు వేసవిలో ట్యాంకర్ వస్తే బిందెలు వరుస పెట్టే ఊళ్లున్నాయి. అక్కడ వీధిలో పైపు పెట్టి కారు కడిగితే చూసేవాళ్ల కడుపు మండుతుంది, మండాలి కూడా. నేను రిన్స్‌లెస్ వాష్ వాడతాను. అది నీళ్లలో కలిపి తుడిచే మందు, చాలా పల్చగా కలపాలి. కొన్ని రకాల్లో ఒక పాలు మందుకు 256 పాళ్ల నీళ్లు. అరబకెట్ నీళ్లతో కారు మొత్తం అయిపోతుంది, మళ్లీ కడగక్కర్లేదు. గుడ్డ ఒక్కో పక్కతో ఒక్కో ప్యానెల్ తుడవడం, ఆ పక్క మాసిపోతే మడత తిప్పడం. మైక్రోఫైబర్ గుడ్డలు మాత్రం ఎక్కువ కావాలి. ఆ డబ్బుకు మెషిన్ ఎందుకు? అదీ నిమిషానికి ఆరేడు లీటర్లు తాగుతుంది.

గెలాక్సీరాయి (చీమకుర్తి)

నీళ్ల బాధ మాకూ తెలుసు బాబాయ్. మా ఊరు ప్రకాశం జిల్లాలోదే. కానీ వదిలేసిన పైపు అంతకంటే ఎక్కువ పారబోస్తుంది. స్లర్రీ గట్టిపడ్డ కారు మీద రిన్స్‌లెస్ గుడ్డ పెడితే అది పాలిష్ ఫ్యాక్టరీయే.

ట్యాంకరునీళ్లు (కనిగిరి)

గట్టిపడిన బురద మీద నేనూ పెట్టను. అదే మందు స్ప్రేయర్‌లో పోసి ముందు తడిపి, నానిన తర్వాతే గుడ్డ. తోటలకు మందు కొట్టే చిన్న చేతి పంపు చాలు, కొత్తది కొనుక్కోవాలి, పురుగుమందు పోసింది పనికిరాదు. రెండు మూడు రోజుల దుమ్ము వరకు ఇది భేషుగ్గా పనిచేస్తుంది. వారాల తరబడి పేరుకున్న మట్టికి నేనూ ఒక బకెట్ నీళ్లు పోస్తాను, అది తప్పదు.

బానెట్‌కింద (నెల్లూరు)

టీచరు గారు పట్టుకున్నదే అసలు పాయింట్. మా దగ్గరికొచ్చే నెల్లూరు కార్లలో గీతలతో వచ్చేవి ఎన్నో, నీటి మచ్చలతో వచ్చేవీ అన్నే. పెయింట్ మీద సిరామిక్ కోటింగ్ అనే రక్షణ పొర వేయించుకుంటే మచ్చలు రావనుకుంటారు. వస్తాయి. నీళ్లు గుండ్రటి చుక్కలుగా నిలిచి ఆరితే లవణమంతా ఒక్కచోటే చేరుతుంది. కోటింగ్ ఉన్నా తుడవాల్సిందే.

తాజా మచ్చలకు తెల్ల వెనిగర్ సగం, మంచినీళ్లు సగం కలిపి నీడలో, చల్లటి ప్యానెల్ మీద గుడ్డతో అద్ది, కాసేపటికే కడిగేయండి. చింతపండు పులుసుతో ఇత్తడి బిందె తోమినట్టు రుద్దొద్దు, అందులో నార, ఇసుక ఉంటాయి. ఎన్నో నెలల మచ్చ పెయింట్‌ను తినేసి ఉంటే వెనిగర్‌కు పోదు, అప్పుడు పాలిషే.

వేళ కూడా ముఖ్యం. రోహిణి కార్తె ఎండలో బానెట్ మీద షాంపూ రుద్దేలోపే ఆరిపోతుంది. పొద్దు పొడవక ముందు కానీ, పొద్దుగూకి ఇంజను చల్లారాక కానీ కడగండి. ఆరబెట్టే గుడ్డ పెద్దది, ఒత్తుగా ఉన్నది, 800 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) పైన తీసుకోండి. రుద్దకుండా పరిచి లాగితే నీళ్లు పీల్చుకుంటుంది. ఆ గుడ్డలు ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వేయకండి, పీల్చే గుణం పోతుంది. కింద పడిన గుడ్డ ఉతక్కుండా మళ్లీ పెయింట్ మీదకు రాకూడదు. ఇంత జాగ్రత్త అవసరమా అని కస్టమర్లు అడుగుతారు, నేలమీద ఇసుక గుడ్డలో చిక్కుకున్నది కళ్లారా చూపిస్తే మళ్లీ అడగరు.

హైవేబండి (ఒంగోలు)

మాకు సాగర్ కాలువ నీళ్లు కొళాయికి వస్తాయి, అందుకే నాకు మచ్చల తంటా లేదు. టీచరమ్మ చెప్పాకే ఆ తేడా తోచింది. గుడ్డల మాట మాత్రం నేను ముందునుంచీ చెబుతున్నదే.

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. టీడీఎస్ మీటరు తెప్పించాను. మా బోరు 1400 దాటింది, మున్సిపల్ కొళాయి అందులో మూడో వంతు కూడా లేదు, ఏసీ నీళ్లు అన్నిటికంటే తక్కువ. ఆ అంకెలు చూసి నాన్న కూడా సర్ఫు మాట ఎత్తలేదు. ఇప్పటికి రెండు బకెట్లు, చేతి పంపు స్ప్రేయర్, మిట్లు, ఒత్తు గుడ్డలు, షాంపూ, వెనిగర్ కొంటున్నాను. రోజువారీ బూడిదకు ముందు స్ప్రేతో నానబెట్టడం, ఆదివారం కొళాయి నీళ్లతో పూర్తి వాష్, చివర్లో ఏసీ నీళ్లు. ఇంకా మూడు వేల పైనే మిగులుతోంది. వానల్లో ముత్తుకూరు రోడ్డు బురద చూశాక మెషిన్ సంగతి తేలుస్తాను.

గెలాక్సీరాయి (చీమకుర్తి)

వానలు పడ్డాక కొంటారు, చూడండి! కొనేటప్పుడు బకెట్‌లోంచి నీళ్లు పీల్చుకునే రకమా అని అడిగి తీసుకోండి, లేకపోతే ఇంట్లో ఉప్పు బోరు ట్యాప్‌కే కట్టేసుకోవాల్సి వస్తుంది. ఎప్పుడైనా బోరు నీళ్లతో వాడితే ఆపే ముందు కాసేపు మంచినీళ్లు తోలండి, లేదంటే పంపు లోపల గార పట్టుకుంటుంది. ఇన్‌లెట్ జాలీ అప్పుడప్పుడు విప్పి కడగండి.